తాకకుండా కొలిచిన కొండ

హబ్సిగూడ,
హైదరాబాద్.

చి. బుజ్జమ్మను తాతయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నువ్వు ఉత్తరకాశీ నుంచి పంపిన ఫొటోలు మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో ఒక్కొక్కటే పెద్దవి చేసి చూపించింది. ఇరవై ఎనిమిది రోజుల కోర్సుకే మొహమంతా కమిలిపోయింది, ముక్కు మీద తోలు లేచింది, పెదాలు పగిలాయి. అయినా మంచుగొడ్డలి పట్టుకుని నువ్వు నిలబడ్డ తీరు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. భువనగిరి గుట్ట మీద నడుముకు తాడు కట్టుకుని ఎక్కడం నేర్చుకున్న పిల్లవి, హిమాలయాల దాకా వెళ్ళావు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ కూడా ఆ గుట్ట మీదే మొదలుపెట్టింది కదా. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే, ఎవరెస్ట్ మీద నిలబడింది. ఆ వార్త టీవీలో వస్తుంటే నా ఒళ్ళో తల పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూశావు నువ్వు. నీ పిచ్చి అక్కడే మొదలైందని నా అనుమానం.

ఫొటోల కింద నువ్వు రాసిన మాట మీ అమ్మ చదివి వినిపించింది. నందాదేవిని మళ్ళీ తెరుస్తారని మీ తోటివాళ్ళంతా చెప్పుకుంటున్నారని, తెరిస్తే మొదటి జట్లలోనే నువ్వుండాలని, తాతయ్య ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసిన కొండ మీద మనవరాలు కాలు పెడుతుందని రాశావు.

నా మీద ప్రేమతోనే రాశావు, తెలుసు. దానికి ఫోన్‌లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే కాగితం, కలం తీసుకున్నాను. కొండలెక్కొద్దని నేను నీకు ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఈ ఒక్క కొండ మాత్రం ఎక్కొద్దని చెబుతాను. ఎందుకో నిదానంగా రాస్తాను. ఓపిగ్గా చదువు.

నేను దాన్ని మొదటిసారి చూసింది 1973 నవంబరులో. సర్వే ఆఫ్ ఇండియాలో చేరి రెండో ఏడు. డెహ్రాడూన్ నుంచి మా పార్టీని కుమావూ వైపు పంపారు. కౌసానీ అనే ఊరి పైన దేవదారు చెట్ల మధ్య టెంట్లు వేసుకున్నాం. తొమ్మిది రోజులు మబ్బు విడవలేదు. ఉత్తరం దిక్కున ఏముందో కూడా తెలియని తెల్లటి తెర. కిరోసిన్ లాంతరు వెలుగులో పాత కోణాల పుస్తకాలు తిరగేస్తూ, పప్పూ రొట్టే తింటూ, ఇంటికి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. పదో రోజు తెల్లవారుజామున మా ఖలాసీ వచ్చి టెంటు గుడ్డ తట్టి, "తెరుచుకుంది సాబ్" అన్నాడు.

కంబళి కప్పుకుని బయటికొచ్చాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా మంచుకొండలు. అన్నీ ఇంకా నీలంగానే ఉన్నాయి, నిద్రలో ఉన్నట్టు. ఎదురుగా త్రిశూల్ ఎంతో పెద్దదిగా కనబడుతోంది. దానికి కుడిపక్కన, బాగా వెనక్కి జరిగి, రెండు కొమ్ములున్న కొండ ఒకటి. అందులో ఎత్తైన కొమ్ము కొనకు చుక్క పెట్టినట్టు కుంకుమ రంగు అంటుకుంది. చూస్తుండగానే ఆ రంగు కిందికి జారింది. చాలాసేపటికి గానీ త్రిశూల్ మీద వెలుగు పడలేదు. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది కానీ, సూర్యుడికి తెలుసు ఏది ఎత్తో. ఖలాసీ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక థియోడొలైట్ బిగించి దాని కోణం తీశాం. నిలువు కోణాలు ఆ వేళే తియ్యాలి. పొద్దున గాలి పొరలు కుదురుగా ఉండవు, వాటిలోంచి వచ్చే వెలుగు వంగి కొండను ఉన్నదానికంటే పైకెత్తి చూపిస్తుంది. మా పాత పరికరం దుర్బిణిలో అంతా తలకిందులుగా కనబడేది. ఆకాశం అడుగున, కొండ కొన కిందికి వేలాడుతూ. దాని మీదికి అడ్డగీతను వెంట్రుకవాసి తేడా లేకుండా తేవాలి. చదివిన అంకె రాసుకోవాలి. దుర్బిణిని తిరగేసి మళ్ళీ చదవాలి, మళ్ళీ రాయాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. ఊపిరి అద్దానికి తగిలితే ఆవిరి కమ్మేస్తుందని ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అక్కడినుంచి నందాదేవికి తిన్నగా చూస్తే డెబ్బై కిలోమీటర్లు. అంత దూరంలో భూమి గుండ్రంగా ఉండటం వల్లే కొండ దాదాపు 385 మీటర్లు కిందికి దిగిపోతుంది. దాన్ని లెక్కలో కలపాలి, వెలుగు వంగినందుకు కొంత తగ్గించాలి. ఇంత లెక్కా చేశాక చివరికి వచ్చేది నాలుగంకెలు: 7,816 మీటర్లు.

నా జీవితమంతా ఆ నాలుగంకెల్లాంటి వాటితోనే గడిచింది. అందుకే నీకు ఒక మాట చెప్పగలను. దూరం నుంచి చూడటం తక్కువ పని కాదు. నందాదేవి మీద ఏ మనిషీ అడుగు పెట్టకముందే, వందేళ్ళకు పైగా ముందే, దాని ఎత్తు మనుషులకు తెలుసు. ఆ రోజుల్లో కొంతకాలం ప్రపంచంలో ఇంతకంటే ఎత్తైన కొండ లేదని కూడా నమ్మారు. 1975లో సిక్కిం కలిసి, దానితోపాటు కాంచన్‌జంగ వచ్చేదాకా మన దేశంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరంగా లెక్కలోకి వచ్చింది ఇదే.

కొండకు తూర్పున జోహార్ లోయలో మిలమ్ అనే ఊరుంది. మా ఆఫీసు వాళ్ళందరికీ అది పుణ్యక్షేత్రం. 1830లో నైన్ సింగ్ రావత్ పుట్టింది అక్కడే. టిబెట్‌లోకి తెల్లవాళ్ళను రానివ్వని కాలంలో డెహ్రాడూన్‌లో అతనికి అడుగులు లెక్కపెట్టడం నేర్పారు. ఎక్కినా, దిగినా, బురదలో నడిచినా అడుగు ఒకే కొలతగా పడాలి. మైలుకు రెండు వేల అడుగులు. చేతిలో జపమాల. అందరి మాలలో 108 పూసలుంటే అతని మాలలో నూరే. నూరడుగులకొక పూస జరిపేవాడు, మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. ప్రార్థన చక్రంలో మంత్రం కాగితం ఉండాల్సిన చోట కొలతల కాగితాలు దాచుకునేవాడు. అలా నడిచి లాసా దాకా వెళ్ళాడు. ఏ శిఖరమూ ఎక్కలేదు. మధ్య ఆసియా పటంలో పెద్ద ఖాళీని పూరించాడు. నాకు ఏ పర్వతారోహకుడి పేరు విన్నా ముందు ఈయన గుర్తొస్తాడు. నా పక్షపాతం అనుకో.

ఇక లోపలి సంగతి. నందాదేవి ఒంటరిగా నిలబడ్డ కొండ కాదు. చుట్టూ నూటపది కిలోమీటర్ల పొడవున మంచుకొండల కోటగోడ ఉంది. అందులో డజను శిఖరాలు ఆరువేల నాలుగు వందల మీటర్లు దాటినవే. కొండ ఆ కోట నడుమ ఉంటుంది. గోడకు ఒక్కటే చీలిక, పడమటి వైపు రిషిగంగ నది కోసుకున్న లోయ. లోయ అంటే మన నల్లమలలో చూసినట్టు అనుకునేవు, అలా ఉండదు. రెండు పక్కలా నిలువు రాయి, అడుగున నది హోరు, నడవడానికి దారే లేదు. 1883 నుంచి యాభై ఏళ్ళపాటు ఎవరెవరో ప్రయత్నించి వెనక్కి తిరిగారు. 1905లో లాంగ్‌స్టాఫ్ తూర్పు గోడ పైదాకా ఎక్కి లోపలికి తొంగిచూడగలిగాడు, అంతే. 1934లో షిప్టన్, టిల్మన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు, ఆంగ్‌థార్కే, పసంగ్, కుసంగ్ అనే ముగ్గురు షెర్పాలు ఆ రాళ్ళను పట్టుకుని పాకుతూ లోపలికి చేరారు. లోపల పచ్చిక మైదానాలు, పూలు, మనిషిని చూసి బెదరని బరల్ గొర్రెల మందలు. నాకు ఆ యాత్రలో నచ్చేది వాళ్ళ పొదుపు. అయిదుగురు మనుషులు, మోయగలిగినంత తిండి, అంతకుమించి ఏమీ లేదు.

రెండేళ్ళ తరువాత, 1936 ఆగస్టు 29న, టిల్మన్, ఓడెల్ శిఖరం మీద నిలబడ్డారు. నిజానికి ఓడెల్‌తో వెళ్ళాల్సింది హూస్టన్ అనే అమెరికన్ కుర్రాడు. అంతకుముందే డబ్బా మాంసం చెడిపోయి అతనికి వాంతులు పట్టుకున్నాయి. ఓడెల్ పై నుంచి "చార్లీకి ఒంట్లో బాగాలేదు" అని కేకేస్తే, కింద వాళ్ళకు గాలిలో "చార్లీ చనిపోయాడు" అని వినబడింది. పరుగున ఎక్కి చూస్తే అతను బతికే ఉన్నాడు. అతని చోటు టిల్మన్‌కు దక్కింది. ఆ తరువాత పద్నాలుగేళ్ళపాటు, 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా, మనిషి ఎక్కిన అతి ఎత్తైన శిఖరం ఇదే. మన భారతీయ జట్టు 1964 జూన్‌లో ఎక్కింది. నవాంగ్ గోంబు, దావా నోర్బు పైకి చేరారు. టెన్సింగ్ నార్గే తూర్పు శిఖరాన్ని 1951లో ఎక్కాడు. ఎవరెస్ట్ ఎక్కిన తరువాత కూడా తన బతుకులో అన్నిటికంటే కష్టమైన కొండ ఇదేనని ఆయన చెప్పేవాడు. ఇవన్నీ నీకు కోర్సులో చెప్పే ఉంటారు.

చెప్పారో లేదో తెలియనిది ఒకటి రాస్తాను. విల్లీ అన్‌సోల్డ్ అనే అమెరికన్ ఇరవై దాటిన వయసులో గఢ్వాల్ కొండల్లో తిరుగుతూ నందాదేవిని చూశాడు. తనకు కూతురు పుడితే ఈ పేరే పెట్టుకోవాలనుకున్నాడు, పెట్టుకున్నాడు కూడా. నందాదేవి అన్‌సోల్డ్. ఆ పిల్ల పెరిగి, తన పేరున్న కొండ ఎక్కుతానని 1976లో తండ్రితోపాటు వచ్చింది. సెప్టెంబరు 8న, ఏడు వేల మీటర్లు దాటిన పై క్యాంపులో, తండ్రి కళ్ళముందే ప్రాణం విడిచింది. కిందికి తేలేక అక్కడి మంచుకే అప్పగించి దిగి వచ్చాడు ఆయన. అప్పుడా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు.

నీకూ ఇప్పుడు ఇరవై రెండే. నిన్ను భయపెట్టడానికి రాయలేదు తల్లీ. ప్రాణం పోతుందనే అయితే నిన్ను ఏ కొండ మీదికీ పంపకూడదు. కొండ కింది ఊళ్ళవాళ్ళు ఆ అమ్మాయి గురించి ఏమన్నారో చెప్పడానికి రాశాను. అమ్మవారు తన ఇంటికి తాను తిరిగి వచ్చిందన్నారు. వాళ్ళకు నందాదేవి రాయీ మంచూ కాదు, ఇంటి ఆడపిల్ల. పుట్టిల్లు ఈ లోయల్లోని ఊళ్ళు, అత్తవారిల్లు పైన శివుడి కైలాసం. ఏటా చిన్నగానూ, పన్నెండేళ్ళకోసారి పెద్దగానూ ఆమెను సాగనంపుతారు. పెద్దదాని పేరు రాజ్ జాత్. నౌటీ అనే ఊరి నుంచి బయలుదేరి దాదాపు 280 కిలోమీటర్లు నడుస్తారు. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. చీరలూ, గాజులూ, తినుబండారాలూ మూటకట్టి దాని వీపు మీద వేస్తారు. మనం ఒడిబియ్యం పోసి కూతురిని పంపినట్టే. హోమ్‌కుండ్ దగ్గర పూజ చేసి, పొట్టేలును ఒంటరిగా కొండల్లోకి వదిలేస్తారు. మనుషులు అక్కడితో ఆగిపోతారు. అది మంచులోకి నడిచి కనబడకుండా పోయేదాకా ఆడవాళ్ళు పాడుతూ ఏడుస్తారట. 2013లో జరగాల్సిన జాత కేదార్‌నాథ్ వరదల వల్ల ఆగి, 2014లో జరిగింది. మన బతుకమ్మను చెరువులో వదిలి వెనక్కి తిరిగేటప్పుడు మీ అమ్మమ్మ గొంతు ఎలా బొంగురుపోయేదో నీకు గుర్తుందా? అలాంటిదే ఇదీ. కూతురిని గుమ్మం దాకా సాగనంపుతాం, అత్తవారింట్లోకి చొరబడం.

చొరబడ్డవాళ్ళు ఏం చేశారో చూడు. 1964లో చైనా అణుబాంబు పేల్చాక, ఆ దేశం పరీక్షలను గమనించడానికి నందాదేవి కొనన ఒక యంత్రం పెట్టాలని అమెరికా సీఐఏ, మన గూఢచారి విభాగం కలిసి తలపెట్టాయి. దానికి కరెంటు ఇచ్చేది ప్లూటోనియం. 1965 అక్టోబరులో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలో మోసుకెళ్ళారు. అంతకుముందు మే నెలలోనే మనవాళ్ళను ఎవరెస్ట్ మీద నిలిపినవాడు ఆయన. శిఖరం అందకముందే తుపాను ముంచుకొచ్చింది. యంత్రాన్ని పై క్యాంపులో రాళ్ళకు కట్టేసి దిగిపోయారు. మరుసటి వసంతంలో వెళ్ళి చూస్తే అది లేదు. మంచు విరిగిపడి ఎక్కడికో ఈడ్చుకుపోయిందని అనుకున్నారు. ఈ సంగతి దేశానికి తెలిసింది 1978లో, మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో చెప్పినప్పుడు. అది ఇప్పటిదాకా దొరకలేదు. గంగకు నీళ్ళిచ్చే కొండ మీద ప్లూటోనియం పారేసుకుని వచ్చాం. నేను ప్రభుత్వ ఉద్యోగిని, ముప్పై అయిదేళ్ళకు పైగా ప్రభుత్వం ఉప్పు తిన్నాను. అయినా ఇది తప్పని ఎవరి ముందైనా అంటాను.

1974 మార్చి 26. ఈ తేదీ నువ్వు గుర్తుపెట్టుకోవాలి. రిషిగంగ ధౌలీగంగలో కలిసే చోట రేణీ అనే ఊరుంది. ఆ ఊరి అడవిలో రెండు వేలకు పైగా చెట్లు కొట్టడానికి గుర్తులు పెట్టారు. మగవాళ్ళను నష్టపరిహారం ఇస్తామని చమోలీకి పిలిపించారు. ఊళ్ళో మగదిక్కు లేని వేళ చూసి గొడ్డళ్ళవాళ్ళు బయలుదేరారు. ఒక చిన్నపిల్ల చూసి పరుగెత్తుకొచ్చి గౌరాదేవికి చెప్పింది. గౌరాదేవి పుట్టింది పక్కనే ఉన్న లాతా ఊళ్ళో. చిన్నవయసులోనే భర్త పోయినావిడ, బడికి వెళ్ళలేదు. వంట దగ్గరున్నవాళ్ళను ఉన్నపాటున లేపి, ఇరవై ఏడు మంది ఆడవాళ్ళను, పిల్లలను వెంటబెట్టుకుని అడవికెళ్ళింది. చెట్లకూ గొడ్డళ్ళకూ మధ్య నిలబడ్డారు. ఈ అడవి మా పుట్టిల్లు, దీన్ని కొడితే కొండ మా మీద పడుతుందని చెప్పారు. రాత్రంతా కాపలా కాశారు. చెట్లు నిలిచాయి. తరువాత కమిటీ వేసి, అలకనంద పైభాగంలో పదేళ్ళు చెట్లు కొట్టడం ఆపారు.

అదే 1974లో నందాదేవి లోపలి లోయను విదేశీ జట్లకు తెరిచారు. ఆ తరువాత ఎనిమిదేళ్ళు చాలు. ఒక్కో జట్టుకూ వందలకొద్దీ కూలీలు, మేకలు, డబ్బాలు. వంటకు అక్కడి జునిపెర్ పొదలు, భోజపత్రం చెట్లు. ఆ ఎత్తులో ఒక పొద మనిషంత పెరగడానికి ఎన్ని తరాలు పడుతుందో కానీ, మండిపోవడానికి ఒక పూట చాలు. ఆ దారి పట్టుకుని కస్తూరి మృగాల వేటగాళ్ళు వెళ్ళారు. 1982లో 630 చదరపు కిలోమీటర్లను జాతీయ పార్కుగా ప్రకటించి తలుపులు మూసేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పదేళ్ళ మూసివేత తరువాత 1993లో సైన్యం ఇంజినీర్ల జట్టు శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది. పాత జట్లు వదిలిన చెత్తను మోసుకుని దిగింది. పొదలు మళ్ళీ చిగురించాయి, జంతువులు తిరిగొచ్చాయి. మనిషి కాలు పెట్టకపోతే చాలు, కొండ తన ఒళ్ళు తానే బాగుచేసుకుంటుంది.

ఇంతవరకు చదివి, తాతయ్య మూసివేత పక్షం అనుకుంటావు. సగమే. 2009లో, రిటైరయిన మరుసటేడు, మీ అమ్మమ్మా నేనూ లాతా వెళ్ళాం. ఊరి నడుమ నందాదేవి గుడి, రాతి పలకల కప్పులు, అరుగుల మీద ఆరబోసిన రాజ్మా. మాకు ఇల్లిచ్చిన ముసలావిడ చేతిలో కదురు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. నడుస్తూ ఉన్ని వడికేది, మాట్లాడుతూ వడికేది, పొయ్యి ఊదడానికి మాత్రం పక్కన పెట్టేది. ఉప్పు, వెన్న వేసిన టీ ఇచ్చింది. మీ అమ్మమ్మ మొహమాటానికి రెండు గ్లాసులు తాగింది.

మూడో రోజు రాత్రి ఆవిడ మనసు విప్పింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో గొర్రెలను తోలుకుని లోపలి మేత భూములకు వెళ్ళేవారట. భర్త జట్లకు సామాన్లు మోసేవాడట. ఒక్కరోజుతో రెండూ పోయాయి. చెట్లను కాపాడింది మేము, కాపలావాళ్ళు ఆపింది మమ్మల్నే అంది. ఆ మాట అనేటప్పుడు కూడా కదురు ఆగలేదు. 1998లో ఊరంతా కలిసి నిషేధాన్ని లెక్కచెయ్యకుండా పార్కులోకి నడిచారు. ఝప్టో ఛీనో అన్నారు ఆ ఉద్యమాన్ని, లాక్కో గుంజుకో అని అర్థం. ఆ తరువాత ధరాన్సీ దారిలో కొద్ది దూరం వరకు, ఏటా కొద్దిమంది నడకయాత్రికులను వాళ్ళే వెంట తీసుకెళ్ళేలా అనుమతి వచ్చింది. అది కూడా అడిగి, పోరాడి తెచ్చుకున్నదే. బయటివాళ్ళు పాడుచేశారు, శిక్ష ఊరివాళ్ళకు పడింది. తలుపు మూసినందుకు నాకు బాధ లేదు. ఇంటివాళ్ళను కూడా బయటే నిలబెట్టి మూసినందుకు బాధ.

2021 ఫిబ్రవరి 7 ఆదివారం. టీవీలో చూసి నువ్వే నాకు ఫోన్ చేశావు, "తాతయ్యా, రేణీ అంటే నువ్వు చెప్పిన ఊరేనా" అని. ఆ ఊరే. రోంటీ శిఖరం పక్క నుంచి రాయీ మంచూ కలిసి రెండు కోట్ల డెబ్బై లక్షల ఘనపు మీటర్లు విరిగి లోయలో పడ్డాయి. రిషిగంగ మీది కరెంటు ప్రాజెక్టు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయింది. కింద తపోవన్‌లో సొరంగంలో పనిచేస్తున్నవాళ్ళు బురదలో చిక్కుకున్నారు. రెండు వందల మందికి పైగా పోయారు. రేణీ ఊరివాళ్ళు 1965లో పోయిన ఆ యంత్రమే పేలిందని అనుకున్నారు. శాస్త్రజ్ఞులు కాదని తేల్చారు. కాదన్నది నిజమే. కానీ ఆ భయం వాళ్ళ గుండెల్లో పెట్టింది మనమే కదా. రెండేళ్ళకు, 2023 జనవరిలో, జోషీమఠ్ ఇళ్ళ గోడలు నిలువునా చీలాయి. ఆ నేల ఎంత అలసిపోయి ఉందో చెప్పడానికి కొలతలు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ కొండ తెరవాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. తెరిస్తే డబ్బు వస్తుందంటారు. నా లెక్క వేరు. శిఖరాన్ని తెరవకూడదు. తెరవాల్సింది లాతా, రేణీ, తోల్మా ఊళ్ళవాళ్ళ మేతదారులు, వాళ్ళ బతుకుతెరువు. ఎవరు ఎంతదూరం రావచ్చో చెప్పే హక్కు ముందు వాళ్ళది. మనం ఎక్కగలం కాబట్టి ఎక్కాలన్న రూలు ఏదీ లేదు. ఈ భూమి మీద దారి తెలిసీ, బలం ఉండీ, మనిషి వెళ్ళకుండా వదిలేసిన కొండలు ఎన్నో లేవు. అలాంటిది ఒకటి మన దేశంలో నలభై ఏళ్ళుగా ఉంది. అది మన గొప్ప. ఏ జెండా పాతినా అంత గొప్ప రాదు.

తూర్పు శిఖరాన్ని బయటి వైపు నుంచి ఎక్కవచ్చు కదా అంటావు. ఎక్కుతున్నారు. 2019లో ఆ పక్క ఎనిమిది మంది మంచు కింద పోయారు. పోనీ, నీకు ఎక్కడానికి కొండలు కరువా? సతోపంత్ ఉంది. కామెట్ ఉంది, 7,756 మీటర్లు, నందాదేవి కంటే అరవై మీటర్లే తక్కువ. అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తిచెయ్యి, మంచి జట్టు చూసుకో, ఖర్చు సంగతి నేను చూసుకుంటాను. మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. కామెట్ మీద నిలబడి ఆగ్నేయంగా చూస్తే అది కనబడుతుంది నీకు. నేను కౌసానీ నుంచి చూసింది ఒక పక్క. నువ్వు చూసేది ఇంకో పక్క. మా పనిలో ఒక బిందువును తేల్చాలంటే ఒక్కచోటి నుంచి చూస్తే సరిపోదు, రెండు చోట్ల నుంచి చూడాలి. నా కోణం నా దగ్గరుంది. రెండోది నువ్వు తీసుకురా.

అంతకంటే ముందు లాతా వెళ్ళు. ఊళ్ళోనే దిగు, హోటల్లో కాదు. గైడుగా ఆ ఊరివాళ్ళనే పెట్టుకో, అడిగినంత ఇవ్వు, బేరమాడకు. నీ చెత్త నీ సంచీలోనే తిరిగి రావాలి. ధరాన్సీ దాకా నడువు, అక్కడ ఆగు. గౌరాదేవి 1991లో పోయింది. రేణీలో ఆవిడను తలుచుకుని ఒక దణ్ణం పెట్టు. ఆ కదురు ముసలావిడ ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే, కొండ కొలిచిన మదరాసీ బాబు మనవరాలినని చెప్పు. మమ్మల్ని అలాగే పిలిచింది ఆవిడ, హైదరాబాద్ అని ఎంత చెప్పినా.

అక్టోబరు రెండో వారం తరువాత అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారకముందే లేచి కూర్చో. నా పాత బైనాక్యులర్స్ మీ అమ్మకిచ్చి పంపుతున్నాను. ఎడమ కంటి మర కొంచెం బిగుతుగా ఉంటుంది, గట్టిగా తిప్పకు, మెల్లగా తిప్పితే వస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య